కకిరిగుమ్మ దగ్గర ఆగిన అంబాసిడర్



పోయిన ఆదివారం మన సంఘం భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మా నాన్నగారి అంబాసిడర్ షెడ్డులోంచి బయటకు తీద్దామనుకుంటున్నానండీ. డిస్ట్రిబ్యూటర్ పోయిందన్నాడు మెకానిక్. తక్కువలో ఏది దొరుకుతుంది? మీరేం వేయించారు?" చేతిలో విస్తరాకు, వెనక పప్పు గరిటెతో కుర్రాడు. అక్కడ నిలబడి చెప్పే సంగతి కాదు, రాసి పెడతానన్నాను. అదే ఇది. కాస్త పొడుగు అవుతుంది, వీలున్నప్పుడు చదవండి. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్లు మానేసినా నష్టం లేదు, డీజిల్ ఇంజన్‌కి డిస్ట్రిబ్యూటరే ఉండదు. హాయి.

ముందే చెబుతున్నాను, నేను మెకానిక్‌ని కాదు. మా నాన్న సాలూరు నుంచి రాయగడ వచ్చి బట్టల కొట్టు పెట్టారు, నేను అదే కొట్టులో కూర్చుని పెద్దవాడినయ్యాను. మా బండి 1974 మార్క్ 2 అంబాసిడర్. 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాన్న దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. చుట్టుపక్కల అందరూ డీజిల్ ఇంజను వేయించుకుంటున్న రోజుల్లో కూడా ఆయన వేయించలేదు. "కొట్టులో రోజంతా గోల వినేది చాలు, బండిలోనూ ఎందుకురా" అనేవారు.

యాభై ఏళ్లు దాటింది కదా, 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ నంబరు వేయించుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. ఆ నంబరు పడితే ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప మామూలుగా తిప్పడానికి వీల్లేదు. మా అమ్మని వాళ్ల అక్క దగ్గరికి తీసుకెళ్లడం ప్రదర్శన కాదు కదండీ. అందుకే మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్లకోసారి రెన్యూ చేయిస్తున్నాను.

అమ్మకి ఇప్పుడు డెబ్బై ఎనిమిది. మోకాళ్లు వంగవు. ఈ కొత్త కార్లలో కిందకి జారి కూర్చోవాలి, లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. అంబాసిడర్ సీటు ఎత్తులో ఉంటుంది, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు లోపలికి పెట్టుకుంటుంది. కాబట్టి ఈ బండి మాకు సరదా కోసం కాదు, అమ్మ కోసం.

సరే, విషయానికి వస్తాను. డిస్ట్రిబ్యూటర్ అంటే తెలియనివాళ్లకి: పంక్తిలో వడ్డించేవాడిలాంటిది. నాలుగు విస్తళ్లు, అంటే నాలుగు సిలిండర్లు. ఒకటి, మూడు, నాలుగు, రెండు, ఈ వరసలోనే వడ్డించాలి. కాయిల్ నుంచి వచ్చే కరెంటు రోటర్ ద్వారా తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకి అందుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే నిమిషానికి ఆరు వేల స్పార్కులు, సెకనుకి వంద. వడ్డన ముందైనా వెనకైనా ఇంజను అలుగుతుంది. ఎప్పుడు స్పార్క్ రావాలో చెప్పేది లోపలి పాయింట్లు. వాటి మధ్య సందు మా బండికి 14 నుంచి 16 థౌ, అంటే సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఆ పాయింట్లని తెరిచే షాఫ్ట్ ఒక బుష్‌లో తిరుగుతుంది. ఈ బుష్ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

రెండేళ్ల కిందట బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. పాయింట్లు మార్పించాను, వారం బాగుండేది, మళ్లీ అదే. టైమింగ్ లైటు పెట్టి చూస్తే పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలవదు, ముందుకీ వెనక్కీ గంతులేస్తోంది. మా మెకానిక్ రోటర్ పట్టుకుని పక్కలకి ఊపి చూపించాడు. షాఫ్ట్ ఊగుతోంది. బుష్ అరిగిపోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాన్న ఉన్న రోజుల్లో నెలకోసారి రోటర్ తీసి, దాని కింద స్క్రూ మీద రెండు చుక్కలు, ప్లేటు కన్నంలోంచి లోపలికి రెండు చుక్కలు ఇంజన్ ఆయిల్ వేసేవారు. పాయింట్ల మీద పడకుండా అగ్గిపుల్లతో వేసేవారు. ఆయన పోయాక పదకొండేళ్లలో నేను ఒక్కసారి కూడా వేయలేదు. తుడిపించాను, పాలిష్ పట్టించాను, కొత్త సీటు కవర్లు కుట్టించాను. ఆ నాలుగు చుక్కలు మాత్రం వేయలేదు.

"బుష్ వేయిద్దామా, కొత్తది కొందామా?" అన్నాడు మెకానిక్. లేత్ పని అంటే విజయనగరం పంపాలి, నాలుగైదు రోజులు పడుతుంది. అదే వారం సునాబెడ నుంచి ఫోను వచ్చింది, మా పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదని. పెదనాన్న అక్కడ హెచ్‌ఏఎల్‌లో పని చేసి రిటైరయ్యారు, వాళ్లు అక్కడే ఉండిపోయారు. అమ్మ రెండు రోజుల నుంచీ సంచి సర్దుకుని కూర్చుంది. నేను తొందరపడ్డాను.

ఒక స్పేర్ పార్టుల షాపులో కొత్త డిస్ట్రిబ్యూటర్ దొరికింది. తెల్లగా మెరిసిపోతోంది. రెండు వేల రెండొందలు. "పాతది ఇచ్చేయండి, మూడొందలు తగ్గిస్తాను" అన్నాడు. వ్యాపారస్తుణ్ణి కదా, తగ్గింపు అనగానే నా చెయ్యి ముందుకు పోయింది. పనికిరాని ఇనపముక్కకి మూడొందలు ఇస్తున్నాడంటే ఎందుకిస్తున్నాడో ఆలోచించాలి. నా కొట్టులో ఎవరైనా పాత చీర ఇచ్చి కొత్తదానిలో మూడొందలు తగ్గించమంటే నేను ఇస్తానా? ఆ మాట ఆ రోజు తట్టలేదు.

వేయించాము. ఇంటి ముందు ఇంజను కుట్టు మిషన్‌లా తిరిగింది. ఊళ్లో రెండు రౌండ్లు కొట్టాను, దివ్యంగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను.

లక్ష్మీపూర్ వరకు బాగానే వచ్చింది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రం డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. గేరు తగ్గిస్తే తగ్గేది. పెట్రోలు మంచిది కాదేమో అనుకున్నాను, మనకి ఎప్పుడూ పెట్రోలు మీదే అనుమానం. కకిరిగుమ్మ ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉందనగా, ఎత్తు మీద, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సాయంత్రం అయిదు దాటింది. కొండల మధ్య చలికాలం పొద్దు ఎంత తొందరగా వాలిపోతుందో మీకు తెలుసు.

సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అమ్మ ఏమీ అనలేదు. సంచిలోంచి శాలువా తీసి కప్పుకుంది. "అక్కకి ఫోను చెయ్యకు, కంగారు పడుతుంది" అంది. అంతే.

అరగంటకి ఒక లారీ ఆగింది. డ్రైవరుది సాలూరు. లారీలంటే సాలూరే కదా మన వైపు. అమ్మ అద్దం దించి "ఏ వీధి బాబూ మీది?" అని మొదలుపెట్టింది. అతను తాడు కట్టి కకిరిగుమ్మ దాకా లాక్కొచ్చేలోపు మా రెండు కుటుంబాలకీ ఎక్కడో ఒక చుట్టరికం తేలింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. రోడ్డు పక్కన ఒక చిన్న రేకుల షెడ్డు చూపించి, "తాత ఉన్నాడు, సూపించుకోండి" అని వెళ్లిపోయాడు.

ఆ తాత పంక్చర్లు వేస్తాడు. ఒకప్పుడు జీపుల మీద, అంబాసిడర్ల మీద పని చేశాడట. బానెట్ ఎత్తగానే తెల్లటి డిస్ట్రిబ్యూటర్ కనబడింది. "ఏటి బాబూ, ఎప్పుడేసేరు దీన్ని?" అన్నాడు. మొన్ననే అన్నాను. "అదే అనుకున్నాను."

తర్వాత చేసింది చెబుతాను, మీరూ నేర్చుకోండి, పది పైసలు ఖర్చు లేదు. క్యాప్ తీశాడు. కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి, దాని కొసని రోటర్ మీది ఇత్తడి రేకుకి చిన్న సందులో పట్టుకున్నాడు, చేతికి రబ్బరు ట్యూబు ముక్క చుట్టుకుని. ఇగ్నిషన్ ఆన్ చేసి పాయింట్లు వేలితో తెరిచి మూయమన్నాడు నన్ను. రోటర్ బాగుంటే ఆ కరెంటుకి పోవడానికి దారి లేదు, స్పార్క్ రాకూడదు. ఇక్కడ ప్రతిసారీ నీలంగా టపటపమని కొట్టింది. అంటే రోటర్ ప్లాస్టిక్‌లోంచి చీల్చుకుని కింద షాఫ్ట్‌లోకి, అక్కడి నుంచి బాడీలోకి పోతోంది. ప్లగ్గుకి అందేదేమిటి?

మరి ఇంటి ముందు ఎందుకు బాగా తిరిగింది? నేనూ అదే అడిగాను. ఎత్తు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాం, సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ నిండుగా వస్తాయి, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు దారి కష్టమయ్యేసరికి కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. నాసిరకం రోటర్ దానికి ఆ దారి ఇస్తుంది. ఒకసారి కన్నం పడిందంటే ఇక ఎప్పుడూ అటే. ఇది మన దగ్గర మాత్రమే కాదు, విదేశాల్లో పాత ఎంజీలు, మోరిస్‌లు నడిపేవాళ్లూ ఈ నాసిరకం రోటర్ల మీదే మొత్తుకుంటున్నారు. మన అంబాసిడర్ ఇంజనూ ఆ మోరిస్‌లలో, ఎంజీలలో వాడిన బీఎంసీ కుటుంబానిదే.

"పాత రోటర్ ఉందా?" అన్నాడు తాత. పాత డిస్ట్రిబ్యూటర్ మొత్తం మూడొందలకి ఇచ్చేశానని చెప్పడానికి సిగ్గేసింది. అప్పుడు వెనక సీటులోంచి అమ్మ, "డిక్కీలో మీ నాన్న డబ్బా చూడరా" అంది.

స్టెప్నీ వెనక డాల్డా డబ్బా. నేను పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, తీసి చూడలేదు. పాత పాయింట్లు, ఒక కండెన్సర్, ఫ్యూజులు, ఎమరీ పేపరు, గుడ్డలో చుట్టిన రెండు పాత రోటర్లు. తాత ఒకటి తీసి, కొస ఎమరీతో గీకి, అదే పరీక్ష దాని మీద చేశాడు. స్పార్క్ రాలేదు. పెట్టాడు. రెండో సెల్ఫ్‌కి ఇంజను అందుకుంది.

వంద రూపాయలు తీసుకున్నాడు, పైన ఇస్తే వద్దన్నాడు. "ఈ రాత్రికి పోతాది బాబూ. ఆ సేతిలో పని గట్టిది కాదు, మళ్లీ ఎత్తుల్లో జాగర్త" అన్నాడు, కొత్త షాఫ్ట్ ఊపి చూపిస్తూ. కొత్తదే, కానీ అదీ ఊగుతోంది.

రాత్రి తొమ్మిదిన్నరకి సునాబెడ చేరాము. పెద్దమ్మ నిద్రపోలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒక మంచం మీద కూర్చుని తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. మూడో వారంలో పెద్దమ్మ పోయింది. ఆ సాయంత్రం కకిరిగుమ్మ నుంచి వెనక్కి తిరిగి ఉంటే ఏమయ్యేదో నేను అమ్మతో ఎప్పుడూ మాట్లాడలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక మిత్రుడు అడిగిన ప్రశ్న. తక్కువలో ఏది?

తిరిగొచ్చాక ఆ చవకదాన్ని విప్పి చూశాము. షాఫ్ట్ మీద నాలుగు మూలల క్యామ్ ఉంటుంది, ఒక్కో మూల ఒక్కో సిలిండర్‌కి పాయింట్లు తెరుస్తుంది. ఫీలర్ గేజ్ పెడితే ఒక మూల దగ్గర 15 థౌ, ఎదురు మూల దగ్గర 12. అంటే ఒక సిలిండర్‌కి ఒక టైము, ఇంకోదానికి ఇంకో టైము. లోపల రెండు చిన్న బరువులు, వాటిని పట్టి ఉంచే రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని స్పార్క్‌ని ముందుకు జరుపుతాయి. మా పాతదానిలో ఒక స్ప్రింగు పల్చన, ఒకటి మందం ఉండేవి. దీనిలో రెండూ ఒకేలా పల్చన. స్పార్క్ మరీ తొందరగా ముందుకి జరిగిపోతోంది, అందుకే ఎత్తులో గులకరాళ్ల చప్పుడు. వ్యాక్యూమ్ అడ్వాన్స్ అక్కడ ఆదుకోదు, చెడగొట్టదు కూడా. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ ఉండదు కాబట్టి దానికి పని లేదు. ఎత్తులో భారమంతా ఈ రెండు స్ప్రింగుల మీదే. అంటే మెరుగు చూసి కొన్నవాడికి కనబడనిదే అసలు సరుకు: బుష్, స్ప్రింగులు, రోటర్.

కొత్త చవకది కొనక తప్పదనుకుంటే షాపులో కౌంటరు దగ్గరే నాలుగు పనులు చేయండి, మొహమాటపడకండి. రోటర్ పట్టుకుని పక్కలకి ఊపండి, ఆట తెలిస్తే వద్దు. రోటర్‌ని అది తిరిగే వైపుకి, మన ఇంజన్‌కి పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కు, కొంచెం తిప్పి వదలండి. వెనక్కి చటుక్కున రావాలి. వ్యాక్యూమ్ గొట్టం తుడిచి నోటితో పీల్చండి. లోపలి ప్లేటు కదలాలి, నాలుకతో మూసి ఉంచితే అలాగే నిలబడాలి. చివరగా బాడీ మీద కొట్టిన నంబరు మీ పాతదాని నంబరుతో సరిపోవాలి. "అంబాసిడర్‌కి సరిపోతుంది" అంటే క్లాంపులో దూరుతుందని మాత్రమే అర్థం. డబ్బా మీద ఏ పేరు ఉందో నమ్మకండి. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇప్పుడు డబ్బాలు ముద్రించడం సామాను చేయడం కన్నా సులువు.

నాసిరకంది కొన్నా దాని రోటర్, కండెన్సర్, పాయింట్లు తీసి పక్కన పెట్టి, మంచివి విడిగా కొని వేయించండి. కండెన్సర్ ముఖ్యంగా. చల్లగా ఉన్నప్పుడు పని చేసి, ఇంజను వేడెక్కాక చచ్చిపోయే కండెన్సర్‌ని పట్టుకోవడం కన్నా దొంగని పట్టుకోవడం తేలిక.

నన్ను అడిగితే మాత్రం కొత్తది వద్దు. మీ పాతదానికే బుష్ వేయించండి. మన బళ్లకి వచ్చిన పాత డిస్ట్రిబ్యూటర్లు ఎక్కువగా లూకాస్ టీవీఎస్‌వి, మద్రాసు పాడిలో చేసినవి, 1960లలో మొదలైన కంపెనీ అది. ఆ బాడీలో అరిగేది బుష్ ఒక్కటే, మహా అయితే షాఫ్ట్. లేత్ ఆయన షాఫ్ట్ చూసి గాడి పడిందో లేదో చెబుతాడు. గాడి పడితే బుష్ ఒక్కటీ వేసి లాభం లేదు. కొత్త బుష్‌ని వేసే ముందు ఒక రోజంతా ఇంజన్ ఆయిల్లో నానబెట్టాలి. అది నూనె పీల్చుకునే రకం లోహం, పొడిగా వేస్తే మళ్లీ ఏడాదికి నా కథే. "నానబెట్టావా బాబూ?" అని అడగండి. నవ్వినా ఫరవాలేదు.

బెంగళూరులో ఉన్న మా మేనల్లుడు పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయించమంటాడు. కాదనను. పాయింట్లు అరగవు, సందు సరిచూసే పని లేదు. కానీ అది ఆగితే కకిరిగుమ్మ తాత కూడా చేతులెత్తేస్తాడు. పాయింట్లయితే ఎమరీ పేపరుతో ఇల్లు చేరతాం. వేయించినా పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ డిక్కీలో ఉంచుకోండి. ఇంకో మాట, బుష్ అరిగిన షాఫ్ట్ మీద కిట్ పెడితే ఊగే షాఫ్ట్ ఊగుతూనే ఉంటుంది. ముందు బుష్, తర్వాత ఏదైనా.

నా లెక్క చెప్పి ఊరుకుంటాను. సునాబెడ నుంచి వచ్చిన మర్నాడే ఆ షాపుకి వెళ్లాను, నా పాతది తిరిగి కొనుక్కుందామని. అది అప్పటికే "ఒరిజినల్ బాడీ" అని ఎవరికో అమ్మేశాడు, తొమ్మిది వందలకి. నా మొహం మీదే చెప్పాడు, గర్వంగా. చేసేది లేక పాత సామాన్ల గుట్టలో అదే నంబరున్న ఇంకో బాడీ వెతికి ఏడొందలకి కొన్నాను. విజయనగరంలో బుష్, లేత్ కలిపి ఆరొందల యాభై. మంచి పాయింట్లు, కండెన్సర్, రోటర్, క్యాప్ పద్నాలుగు వందలు. చవకదానికి ముందే పెట్టిన పందొమ్మిది వందలు కలిపితే నాలుగు వేల ఆరొందల యాభై. నా సొంతదానికే మొదట్లో బుష్ వేయించి ఉంటే రెండు వేల యాభైతో పోయేది. చూడండి, నేను ఆ రోజు మిగిల్చుకున్నది నూట యాభై రూపాయలు, నాలుగు రోజులు.

ఇప్పుడు రెండో ఏడాది నడుస్తోంది. టైమింగ్ లైటు పెడితే గుర్తు ఒకచోట నిలబడుతోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే నాలుగు చుక్కలు. అమ్మ అరుగు మీద కూర్చుని లెక్కపెడుతుంది, మూడు వేసి ఆపితే అరుస్తుంది. నాన్న రోటర్ రెండూ గుడ్డలో చుట్టి మళ్లీ ఆ డబ్బాలోనే పెట్టాను, పక్కన ఇంకో కొత్తది చేర్చాను. మొన్న కోరాపుట్ వెళ్తూ కకిరిగుమ్మలో ఆగాము. షెడ్డు ఉంది, తాత కూడా ఉన్నాడు. బానెట్ ఎత్తమన్నాడు, రోటర్ పట్టుకుని ఊపి చూశాడు, ఏమీ అనకుండా టీ చెప్పాడు.

టైమింగ్ లైటు, ఫీలర్ గేజ్ మా ఇంట్లో ఉన్నాయి, సంఘం సభ్యులెవరికైనా కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, తిరిగి ఇవ్వండి. అడిగిన మిత్రుడికి ఒక్క మాట: మెకానిక్ ఏం చెప్పినా మీ నాన్నగారి పాత డిస్ట్రిబ్యూటర్ ఎవరికీ ఇవ్వకండి, ముందు నాకు తెచ్చి చూపించండి. ఆ తెల్లటి కొత్తది ఏమైందని అడుగుతారేమో. మా పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అమ్మ దాన్ని అడ్డం పెడుతోంది. ఆ పనికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది.